పద్నాలుగో జత

సెర్చ్ కంపెనీ వాళ్లు నాకు మొత్తం మూడు జవాబులు రాశారు. మూడింటిలోనూ ముందు థాంక్స్ చెప్పారు. మా వైపు ఒక మనిషి మూడుసార్లు థాంక్స్ చెప్పాడంటే పని అయిపోయిందనైనా అర్థం, ఇక మా గడప తొక్కవద్దనైనా అర్థం. వీళ్లది రెండోది.

నా పేరు నాగరాజ్. డోన్‌లో స్టేషన్ రోడ్డు మీద ఫ్లెక్సీల షాపు నాది. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు వేస్తాను. వెబ్‌సైట్లు కూడా చేస్తాను. బోర్డు మీద ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎందుకంటే దానికోసం వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లంతా బండలాగుడు పోటీల కమిటీల వాళ్లే. మొత్తం ఏడు ఊళ్లు. అందులో పెద్దది ఓర్వకల్లు పక్కనున్న గట్టుకిందిపల్లె.

పోటీ సంగతి తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. కాడికి కట్టిన ఎద్దుల జత ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఎద్దులకు వయసు కాగితాలు ఉండవు గనుక పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. అన్నిటికంటే చిన్నది పాలపళ్ల విభాగం. జతలో ఏ కోడెకు ఒక్క పాలపన్ను రాలినా ఆ విభాగానికి పనికిరాదు. అంటే ఒక జతకు ఈ అవకాశం జన్మలో ఒక్కసారే. పోటీ రోజు పళ్ల దగ్గర కొట్లాటలు అవుతున్నాయని గట్టుకిందిపల్లె వాళ్లు పళ్లు చూసే పని మూడు వారాల ముందే పెట్టుకుంటారు. ఆ రోజు పశువుల డాక్టరు నోరు చూసి కొమ్ముకు రంగు పూశాడంటే అయిపోయినట్టే. తర్వాత పన్ను రాలినా ఎవరూ అడగరు.

మొదటి ఏడాది సైట్‌లో అందరికీ పాస్‌వర్డులు పెట్టాను. నలభై రెండు మంది యజమానుల్లో ముప్పై మంది తమ ఎద్దు పేరే పాస్‌వర్డుగా పెట్టుకున్నారు. ఆ పేర్లు జిల్లా అంతటికీ తెలుసు, మైకులో చెబుతారు. మిగతావాళ్లు మర్చిపోయి, పాలు పితికే వేళకు నాకు ఫోన్ చేసేవాళ్లు. ఒకాయన తన పాస్‌వర్డును వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపాడు. ఎందుకప్పా అంటే, "నేను మర్సిపోతే ఎవురో ఒగరు చెప్తారు గదా" అన్నాడు. 

రెండో ఏడాది పాస్‌వర్డులు తీసేశాను. ప్రతి జత పేరు పక్కన 'విరమించు' అని ఒక లింకు పెట్టాను. నొక్కితే ఆ జత జాబితాలోంచి పోతుంది. ఎవరు నొక్కినా పోతుంది. కానీ ఎవరూ నొక్కరు. మా సీమలో ఒకడి ఎద్దుల పేరు ఇంకొకడు తీసేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అంతకు మించిన సెక్యూరిటీ నాకు తోచలేదు. నిజంగానే ఆ ఏడాది ఒక్క పేరూ పోలేదు.

ఈ ఏడాది కమిటీ పెద్ద శివశంకరన్నకు ఒక కోరిక పుట్టింది. ఆయనకు పొలాలున్నాయి, మాట చెల్లుబాటు ఉంది, ఇక కావలసింది నెట్‌లో పేరు. "బండలాగుడు అని కొడితే మన ఊరే ముందు రావల్ల నాగరాజూ. పక్కూరోళ్లది ఎందుకు వస్తాండాది?" అన్నాడు. సరేనని మా సైటును జాబితాలో చేర్చుకోమని సెర్చ్ కంపెనీకి నేనే దరఖాస్తు పెట్టాను. అలా పెడితే వాళ్ల క్రాలర్ వస్తుంది. క్రాలర్ అంటే మనిషి కాదు, ప్రోగ్రాం. జనాభా లెక్కల మనిషి ఇల్లిల్లూ తిరిగినట్టు నెట్‌లో కనిపించిన ప్రతి లింకునూ తెరిచి, లోపల ఏముందో రాసుకొని పోతుంది.

అది శనివారం మధ్యాహ్నం రెండూ పదికి వచ్చింది. మొదటి పేజీలో పాలపళ్ల విభాగం ఉంది. పద్నాలుగు జతలు, పక్కన పద్నాలుగు లింకులు. ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోయింది. నలభై సెకన్లలో పాలపళ్ల విభాగంలో ఒక్క ఎద్దూ లేదు. మిగతా విభాగాల జోలికి పోయేలోపు మా సర్వరు పడిపోయింది. అది ఆ సర్వరు చేసిన ఒకే ఒక మంచి పని.

పేరు తీసేయగానే యజమాని ఫోనుకు ఒక మెసేజీ పోతుంది. "మీ కోరిక మేరకు మీ జత విరమించబడింది." మూడు గంటలకల్లా పదమూడు మంది నాకు ఫోన్ చేశారు. వాళ్లు వాడిన మాటలు ఇక్కడ రాయను. నెట్‌వర్క్ సమస్య, మళ్లీ ఎక్కించండి అని పదమూడు మందికీ ఒకే మాట చెప్పాను. సాయంత్రం ఆరుకు పేర్ల గడువు ముగిసేలోపు పదమూడు జతలూ ఎక్కాయి. హమ్మయ్య అనుకొని టీ తాగాను. పద్నాలుగో ఫోను రాలేదని నేను లెక్క చూసుకోలేదు.

పద్నాలుగో జత ఈరక్కది. ఆమెది గట్టుకిందిపల్లెకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని రాళ్లకుంట. భర్త గిడ్డయ్య ఇరవై ఏళ్లు శివశంకరన్న ఇంటి ఎద్దులను సాకాడు. ఆయన సాకిన ఎద్దులు గెలిచినప్పుడల్లా మైకులో శివశంకరన్న నాయన పేరు చెప్పేవాళ్లు. గిడ్డయ్య పోయి మూడేళ్లయింది. ఈ రెండు కోడెలూ ఈరక్క సొంత ఆవుకు ఏడాది తేడాతో పుట్టినవి. ఈసారి మొదటిసారి పేరు రాయించేటప్పుడు ఆమె నాకు ఫోన్ చేసి రెండుసార్లు అడిగింది. "మైకులో ఈరక్క జత అనే చెప్తారు గదా నాయనా? ఇంగెవురి పేరూ చెప్పరు గదా?" చెప్పరు అన్నాను.

శనివారం ఆమె శనగ కోతలో ఉంది. ఫోను ఇంట్లో గూట్లో ఉంది. సాయంత్రం వచ్చి చూసుకుంటే కమిటీ నుంచి మెసేజీ. ఆమెకు చదువు రాదు. కమిటీ మెసేజీ పంపిందంటే పేరు గట్టిపడినట్టేనని సంతోషపడింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. 

సోమవారం పళ్లు చూసే రోజు. నేను కూడా పోయాను. డాక్టరు పదమూడు జతల నోళ్లు చూసి, చేయి కడుక్కుంటున్నాడు. అప్పుడు ఈరక్క కోడెలను తోలుకొని వచ్చింది. మెడల్లో కొత్త గంటలు కట్టింది. శివశంకరన్న జాబితా కింది నుంచి పైకీ పైనుంచి కిందికీ చూశాడు.

"ఈరక్కా, నీ పేరు లేదు గదమ్మా. నువ్వే వద్దనుకున్నట్టు ఈడ ఉండాది."

"నేనెందుకు వద్దనుకుంటానప్పా? తొమ్మిది కిలోమీటర్లు నడిపిచ్చుకోనొచ్చినా గదా."

డాక్టరు మంచివాడు. "చూడమంటే చూస్తాను, నిమిషం పని" అన్నాడు.

"జాబితాలో లేని జత నోరు తెరిపిస్తే ఈ పదముగ్గురూ నా నోరు తెరిపిస్తారు సార్" అన్నాడు శివశంకరన్న. అది నిజమే. పదముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు. కోడె పన్ను రాలి ఉంటుంది, అందుకే తనే తప్పుకొని ఇప్పుడు నాటకమాడుతోందని ఒకడు వెనక నుంచి అన్నాడు కూడా.

శివశంకరన్న ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "నా జతలో ఒగటి కుంటుతాండాది. ఆ జాగాలో నీ కోడెలను కట్టు. నా పేరు మీద పోతాది. ఇప్పుడే డాక్టరుతో చూపిస్తా."

మంచి మనసుతోనే అన్నాడు. ఈరక్క కొంగు సవరించుకుంది. "ఇరవై ఏండ్లు మీ పేరు మీదనే కట్టినాములే అప్పా. ఈ తూరి వద్దు."

ఆయనకు కోపం రాలేదు. కొంచెం సిగ్గుపడినట్టే ఉన్నాడు. అందరికీ వినబడేలా చెప్పాడు. "అయితే తప్పు ఎవురిదో తేలల్ల. మాదే తప్పని సంతకం పెట్టి ఎవురో ఒగరు కాయితం ఇయ్యండి. కమిటీలో పెట్టి, మళ్లా డాక్టర్ని పిలిపించి, ఆఖరి జతగా కట్టిస్తా."

ఆయన ఎవరివైపూ చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ముందుకొచ్చాను. "తప్పు సెర్చ్ కంపెనీది అన్నా. వాళ్ల క్రాలర్ నొక్కింది. లాగ్‌లో ఉంది." లాగ్ అంటే ఎవరు ఎప్పుడొచ్చి ఏది తెరిచారో సర్వరు రాసుకునే చిట్టా.

"ఆ కంపెనీ యాడ ఉండాది?" అంది ఈరక్క.

"అమెరికాలో."

"వాళ్లకు ఎద్దులు ఉండాయా?"

"లేవక్కా."

"మరి వాళ్లకు ఈడేం పని?" అని ఎడమ కోడె మూతి పట్టుకొని పెదవి ఎత్తి చూపించింది. ముందు పన్ను ఒకటి కొంచెం వాలి ఉంది. "ఇది కదులుతాంది నాయనా. ఇంగ పది దినాలు ఉంటాదో లేదో. కాయితం బిరీన తెప్పియ్యి."

తెప్పిస్తానని చెప్పాను.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ కాగితం రాయగలిగిన మనిషి అక్కడ ఒకడున్నాడు. వాడి జేబులో పెన్ను కూడా ఉంది. కానీ ఏడు ఊళ్ల సైట్లు నావి. ఒక ఊళ్లో తప్పు నాదేనని సంతకం పెడితే మిగతా ఆరు ఊళ్లలో నా ముఖం ఎవరు చూస్తారు? భయం వేసింది. దానికి నేను అప్పుడు పెట్టుకున్న పేరు భయం కాదు, న్యాయం.

ఆ రోజే కంపెనీకి రాశాను. సెక్యూరిటీ లోపాలు చెప్పడానికి వాళ్లకు ఒక ఫారం ఉంటుంది. లోపం ఏమిటి అన్న చోట, మీ క్రాలర్ పోటీదారులను తొలగిస్తోంది అని రాశాను. ఎంతమంది నష్టపోయారు అన్న చోట ఇరవై ఎనిమిది అని రాశాను. ఎద్దులని రాయలేదు. తీవ్రత అన్న చోట, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఎంచుకున్నాను.

బుధవారం జవాబు వచ్చింది. థాంక్స్ చెప్పి, మా క్రాలర్ లింకులను తెరుస్తుంది, అదే దాని పని అన్నారు. తెరిస్తే ఏదైనా పోయేలా ఉంటే దాన్ని లింకుగా పెట్టకూడదట. కాబట్టి ఇది లోపం కాదట.

నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో తలుపు తీసి ఉంటే బయటి నుంచి పిలుస్తారు, లోపలికి పోయి సామాను వీధిలో వేయరు అని తిరిగి రాశాను. శుక్రవారం రెండో జవాబు. ఉదాహరణకు థాంక్స్ అన్నారు. లోపం కాదన్నారు.

అప్పుడు ఈ సంగతంతా సెక్యూరిటీ వాళ్లు మాట్లాడుకునే ఒక ఫోరంలో పెట్టాను. అక్కడ పెద్ద రగడ అయింది. పోలండ్ ఆయన ఒకడు నా పక్షం నిలబడ్డాడు. ఎవడైనా కావాలని ఇంకొకడి సైట్ లింకులను తన పేజీలో రాసిపెడితే, క్రాలర్ పోయి ఆ పని చేసి వస్తుంది, అసలు దొంగ చేతికి మట్టి కూడా అంటదు, ఇది ఘోరమైన లోపం అన్నాడు. బ్రెజిల్ ఆయన, ఇది ఇరవై ఏళ్ల నాటి ముచ్చట, తప్పు సైట్ చేసిన వెధవది అన్నాడు. వెధవ అన్నది నా అనువాదం, అసలు మాట ఇంకా గట్టిది. రెండు వందల పైచిలుకు వ్యాఖ్యలు వచ్చాయి. నాలుగు రోజులు నేను డోన్‌లో లేను, ప్రపంచంలో ఉన్నాను. జిల్లా పేజీలో 'ఎడ్ల పోటీపై సైబర్ దాడి' అని వార్త కూడా పడింది. ఫోటోలో వేరే ఎవరివో ఎద్దులున్నాయి.

రోజూ సాయంత్రం ఈరక్క ఫోన్ చేసేది.

"కంపెనీ ఒప్పుకున్యాదా నాయనా?"

"మాట్లాడుతున్నారక్కా. పోలండ్ ఆయన మనవైపే ఉన్నాడు."

"ఆయన సంతకం పెడ్తాడా?"

"ఆయనది కంపెనీ కాదక్కా."

"సరేలే. పన్ను ఉండాది. చొప్ప ఏస్తే ఊడుతాదని తవుడు నానబెట్టి పెడ్తాండా. గడ్డి సన్నంగా కోసి చేత్తో తినిపిస్తాండా. రెండోదానికి కోపం వస్తాంది, దానికీ అట్లనే తినిపిస్తాండా."

 ఫోను పెట్టేసి మళ్లీ ఫోరం తెరిచి బ్రెజిల్ ఆయనకు జవాబు రాసేవాడిని.

మంగళవారం శివశంకరన్న కూతురు హర్షిణి షాపుకు వచ్చింది. కడపలో ఇంజనీరింగ్ చదువుతోంది, కంప్యూటర్లే. సెలవులకు వస్తే, నాగరాజు ఏం చేస్తున్నాడో చూసి రమ్మని తండ్రి పంపాడట. లాగ్ చూసింది. నేను రాసిన కోడ్ చూసింది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"అన్నా, తీసేసే పని ఉత్త లింకులో పెట్టగూడదని మాకు రెండో సంవత్సరంలోనే చెప్పినారు."

"మీకు చెప్పారు. క్రాలర్‌కు ఎవరూ చెప్పలేదా? చూడకుండా నొక్కడం తప్పు కాదా?"

"అది చూసేకే వచ్చింది గదా. రమ్మని నువ్వే పిలిచినావు. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్లన్నా?"

ఫోరంలో రెండు వర్గాలున్నాయని, విషయం ఇంకా తేలలేదని చెప్పాను. పోలండ్ ఆయన వాదన చదివి వినిపించాను. ఆ అమ్మాయి ఓపికగా విన్నది.

"ఆయన చెప్పింది తప్పని నేను అనను. మీ వాదన ఇంగ ఇరవై ఏండ్లు నడవచ్చు. అది తేలేదాకా ఆ కోడె పన్ను ఆగుతాదా?" అంది.

కోపం వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోటిదాకా వచ్చింది గానీ, కంద ఎవరో ఆలోచించి మింగేశాను. ఆ అమ్మాయి పోయాక షాపు సగం షట్టరు వేసుకొని కూర్చున్నాను. సాయంత్రం ఈరక్క ఫోన్ చేయలేదు. అలసిపోయి ఉంటుందనుకున్నాను.

బుధవారం పొద్దున మూడో జవాబు వచ్చింది. థాంక్స్, ఈ ఫిర్యాదును మూసివేస్తున్నాం, క్రాలర్ ఉద్దేశించినట్టే పనిచేసింది.  ఉద్దేశించినట్టు పనిచేయనిది ఈ మొత్తం వ్యవహారంలో ఒకటే ఉంది, దాని పేరు షాపు బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఉంది.

లెటర్‌హెడ్ తీసి రాశాను. "ఈరక్క గారి జత పేరు జాబితాలోంచి పోవడానికి కారణం నేను చేసిన సైటులోని తప్పు. మిగతా పదమూడు మందికి చెప్పి ఆమెకు చెప్పకపోవడం కూడా నా తప్పే." కింద సంతకం, షాపు ముద్ర.

బండి మీద గట్టుకిందిపల్లెకు పోయి ఇచ్చాను. కమిటీ వాళ్లు తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. శివశంకరన్న చదివి, "ఇంతేనా?" అన్నాడు. "నీదే అయ్యుంటాదని మేమూ అనుకుంటాంటిమిలే. ఏదో నువ్వు చెప్తావని సూస్తాంటిమి." కాగితం జేబులో పెట్టుకున్నాడు. పదముగ్గురికీ ఫోన్ చేస్తే ఒక్కడు కూడా కాదనలేదు. డాక్టరు మరుసటి రోజు పొద్దునే వస్తానన్నాడు. ఈరక్కకు కబురు శివశంకరన్నే పంపించాడు. మిగతా ఆరు ఊళ్ల నుంచి నాకు ఒక్క ఫోను కూడా రాలేదు.

గురువారం ఎనిమిది గంటలకు ఈరక్క వచ్చింది. కోడెల మెడల్లో గంటలు లేవు. డాక్టరు చేతులకు తొడుగులు వేసుకుంటుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు శ్రమ వద్దు సారూ. మొన్న మాపటికి రాలినాది. పిలిపించినారు గదా, రాకపోతే బాగుండదని తోలుకోనొచ్చినా."

మొన్న మాపటికి అంటే మంగళవారం సాయంత్రం.  డాక్టరు అయినా ఎడమ కోడె పెదవి ఎత్తి చూశాడు. పన్ను ఉన్న చోట ఎర్రగా చిగురు ఉంది. శివశంకరన్న, దానికి పైనున్న రెండు పళ్ల విభాగంలో కట్టిస్తానన్నాడు. రెండోది ఇంకా పసిది, అంత బండకు దాని మెడ పోతుందని ఆమె ఒప్పుకోలేదు. పళ్లు చూసిన రోజున పన్ను ఉంది కదా, రంగు పూయండి అని అడగాలని ఆమెకు తోచనే లేదు. అది నాకు తోచింది.

"ఏదో కాయితం ఇచ్చినాడంట గదా నాగరాజు. ఏదీ, చూస్తా" అంది.

శివశంకరన్న జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె విప్పి, వెలుతురుకు పట్టుకొని, అటూ ఇటూ తిప్పి చూసింది. మూడు వరుసలు, ఒక సంతకం, ఒక ముద్ర.

"ఇది రాసేకి ఎంతసేపు పట్టినాది నాయనా?"

తిట్టడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అంత పెద్ద కంపెనీతో పది రోజులు మాట్లాడితే వచ్చిన కాగితం కదా. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఐదు నిమిషాలక్కా."

ఆమె తల ఊపింది. కాగితాన్ని ఉన్న మడతల మీదనే జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని, కోడెల పగ్గాలు పట్టుకొని రోడ్డెక్కింది.